గిద్దె, సోల, మానికలతో సంఖ్య గుట్టు విప్పడం: నాలుగుల లెక్క ఎలా చేయాలి

మీ ఇంట్లో అటక మీద పాత సోలో మానికో ఉంటే దించండి. లేకపోయినా పరవాలేదు. రెండు గుప్పెళ్ళ చింతగింజలు, ఒక పలక చాలు. పలక మార్కాపురంది దొరికితే మరీ మంచిది, రాసి తడిగుడ్డతో తుడిచే పని ఇందులో చాలా ఉంది. ఈ సామానుతో మనం కొలవబోయేది వడ్లు కాదు, సంఖ్యలు. ఒక పూర్ణసంఖ్యను పదుల్లో కాకుండా నాలుగుల్లో రాసి, ఆ రాతను చూసే దాని గుణాలు చెప్పేయడం నేర్చుకుందాం. మూడుతో పోతుందా, ఐదుతో పోతుందా, వర్గమయ్యే అవకాశం ఉందా, కంప్యూటరు దాన్ని ఎట్లా దాచుకుంటుంది అన్నవన్నీ అందులో కనిపిస్తాయి.

నాలుగే ఎందుకంటే, మన పాత కొలతలు నాలుగు మీదే నడిచాయి కాబట్టి. నాలుగు గిద్దెలు ఒక సోల. రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, అంటే మానికకు నాలుగు సోలలు. నాలుగు మానికలు కుంచం, నాలుగు కుంచాలు తూము. ఇరవై తూములు పుట్టి. తవ్వ సగం మానికే కాబట్టి దాన్ని వదిలేద్దాం. పుట్టి ఈ వరసకు లొంగదు, దాని సంగతి చివర్లో చూద్దాం. మిగిలిన ఐదూ ఒకదానికొకటి సరిగ్గా నాలుగింతలు. అన్నిటినీ గిద్దెల్లో చెప్తే సోల 4, మానిక 16, కుంచం 64, తూము 256.

వెనక ఒక ఊరి కుంచం ఇంకో ఊరి కుంచంతో సరిపోయేది కాదు. మనకు ఆ తగువు లేదు. పాత్ర ఎంతదైనా సరే, నాలుగింతల వరస తప్పకపోతే చాలు.

ముందు పలక మీద ఐదు గళ్ళు గీయండి. కుడి చివర గడి గిద్దెది. అక్కడినుంచి ఎడమకు సోల, మానిక, కుంచం, తూము. నియమం ఒక్కటే: ఏ గడిలోనూ మూడుకు మించి గింజలు ఉండకూడదు. నాలుగు కాగానే ఆ నాలుగూ తీసేసి, ఎడమ గడిలో ఒకటి వేయాలి. అందుకే ఈ రాతలో 0, 1, 2, 3 తప్ప వేరే అంకె రాదు.

చేయి అలవాటు కావడానికి చిన్న సంఖ్యతో మొదలుపెట్టండి. ప్రకాశం జిల్లా పాత బండ్ల మీద ఉండే ఏపీ 27 తీసుకుందాం. గిద్దె గడిలో 27 గింజలు పోయండి. నాలుగేసి తీస్తే ఆరుసార్లు వస్తాయి, మూడు మిగులుతాయి. ఆ ఆరు సోల గడిలోకి వెళ్ళాయి. అక్కడ మళ్ళీ నాలుగు తీస్తే మానిక గడిలోకి ఒకటి వెళ్ళింది, రెండు మిగిలాయి. ఎడమనుంచి చదివితే 1, 2, 3. ప్రకాశానికి భలే కుదిరింది. నెల్లూరు బండ్ల ఏపీ 26 అయితే గిద్దె ఒకటి తగ్గి 122 అవుతుంది. 2019 నుంచి కొత్త బండ్లకు రాష్ట్రమంతా ఒకటే వరస అని ఏపీ 39 మొదలుపెట్టారు, అది 213.

ఇక్కడ ఒక జాగ్రత్త. నాలుగుల రాతలో ఉన్న 123ని నూట ఇరవై మూడు అని చదవకండి, అది పదుల రాత చదువు. ‘మానెడు, రెండు సోలలు, మూడు గిద్దెలు’ అని చదవండి, లేదా ఒకటి-రెండు-మూడు అని విడివిడిగా చెప్పండి. రెండు రాతలూ కలిసిపోకుండా నాలుగుల రాత ముందు ‘కొ’ అని పెడతాను, కొలతకు గుర్తుగా. అంటే 27, కొ 123 ఒకే సంఖ్య.

సంఖ్య పెద్దదైతే గింజలు సరిపోవు, భాగహారానికి దిగాలి. నెల్లూరు జిల్లాలో వడ్ల ధర ఇప్పటికీ పుట్టికింత అనే చెప్తారు, ఆ పుట్టి తూకంలో 850 కిలోలు. ఆ 850నే తీసుకుందాం. నాలుగుతో భాగిస్తూ పోండి, శేషాన్ని పక్కన రాసుకోండి.

850ని 4తో భాగిస్తే 212, శేషం 2.
212ని భాగిస్తే 53, శేషం 0.
53ని భాగిస్తే 13, శేషం 1.
13ని భాగిస్తే 3, శేషం 1.
3ని భాగిస్తే 0, శేషం 3.

శేషాలను కిందినుంచి పైకి చదవండి: 3, 1, 1, 0, 2. అంటే 850 గిద్దెలు కొలవాలంటే మూడు తూములు, కుంచెడు, మానెడు, రెండు గిద్దెలు. సోల పాత్రతో పనే లేదు, అందుకే అక్కడ సున్నా. రాతలో కొ 31102.

తిరిగి పదుల్లోకి రావాలంటే ఎడమనుంచి మొదలుపెట్టి నాలుగుతో గుణిస్తూ, పక్క అంకె కలుపుకుంటూ పోవడమే. 3ని నాలుగుతో గుణించి 1 కలిపితే 13. దాన్ని గుణించి 1 కలిపితే 53. గుణించి 0 కలిపితే 212. గుణించి 2 కలిపితే 850. ఇందాక భాగహారంలో వచ్చిన లబ్ధాలే వెనక్కి వచ్చాయి చూశారా? ఎక్కడైనా వేరే సంఖ్య తగిలితే అక్కడే తప్పు జరిగిందన్నమాట.

ఇక అసలు పని. కొ 31102లో అంకెలన్నీ కూడండి. మూడు, ఒకటి, ఒకటి, సున్నా, రెండు, మొత్తం ఏడు. ఈ ఏడుకు అర్థముంది. 850 గిద్దెల వడ్లను అయిదు పాత్రలతో కొలవాల్సి వస్తే, తక్కువలో తక్కువ ఎన్నిసార్లు ముంచాలో అదీ ఈ ఏడు. పక్కన పెద్దవాళ్ళెవరన్నా ఉంటే ‘ఏడనబాక అబ్బయ్యా, ఆరున్నొకటి అను’ అంటారేమో. కళ్లంలో కొలిచేటప్పుడు ఒకటికి బదులు ‘లాభం’ అని మొదలుపెట్టేవాళ్ళూ, ఏడు మాట నోట రానివ్వనివాళ్ళూ ఇంకా ఉన్నారు.

ఇప్పుడు ఆ ముంచే లెక్కను జాగ్రత్తగా గమనించండి. గిద్దె ఒక్కటే ఉంటే 850 సార్లు ముంచాలి. నాలుగు గిద్దెల బదులు ఒక్క సోల ముంచితే లెక్కలోంచి నాలుగు పోయి ఒకటి వచ్చింది, అంటే మూడు తగ్గింది. నాలుగు సోలల బదులు మానిక ముంచినా అంతే, నాలుగు పోయి ఒకటి వచ్చి మూడే తగ్గుతుంది. కుంచం దగ్గర, తూము దగ్గర కూడా మూడే. ఎక్కడ మార్చినా, ఏ వరసలో మార్చినా, ముంచే లెక్క మూడేసి మూడేసి మాత్రమే దిగుతుంది. 850 దగ్గర బయల్దేరి మూడు మెట్ల చొప్పున దిగి 7 దగ్గర ఆగాం. అందుచేత 850ని మూడుతో భాగిస్తే ఎంత మిగులుతుందో, 7ని భాగించినా అంతే మిగలాలి: ఒకటి. నిజంగానే మూడు 283లు 849, మిగిలింది ఒకటి.

కాబట్టి నాలుగుల రాతలో అంకెల మొత్తం మూడుతో పోతే సంఖ్యా మూడుతో పోతుంది. కొ 123లో మొత్తం ఆరు, కొ 213లో కూడా ఆరు. 27, 39 రెండూ మూడుతో పోయేవే. కొ 122లో అయిదు కాబట్టి 26ని భాగిస్తే రెండు మిగులుతుంది. పదుల రాతలో తొమ్మిదికి చెప్పే సూత్రం అచ్చం ఇదే. పది ఒకట్లు పోయి ఒక పది వస్తే తొమ్మిది తగ్గుతుంది, అంతే సంగతి. బడిలో ‘అంకెలు కూడండి’ అని చెప్తారు గానీ ఎందుకు కూడాలో చాలామంది చెప్పరు. గిద్దె, సోల చేతికిస్తే అయిదో తరగతి పిల్లలు కూడా కారణం తామే చెప్పగలరు.

మార్పిడులు మొత్తం ఎన్ని జరిగాయో కూడా లెక్క తేలుతుంది. భాగహారంలో వచ్చిన మొదటి లబ్ధం 212, అన్నిసార్లు గిద్దెలు సోలలయ్యాయి. 53 సార్లు సోలలు మానికలయ్యాయి. 13 సార్లు మానికలు కుంచాలయ్యాయి. 3 సార్లు కుంచాలు తూములయ్యాయి. అన్నీ కూడితే 281. ఒక్కో మార్పిడికి మూడు తగ్గింది కాబట్టి 281ని మూడుతో గుణిస్తే 843, మిగిలిన 7 కలిపితే సరిగ్గా 850. దీన్ని తనిఖీగా వాడుకోండి: లబ్ధాలన్నీ కూడి మూడింతలు చేసి, అంకెల మొత్తం కలిపితే మొదటి సంఖ్య రావాలి. రాకపోతే పలక తుడిచి మళ్ళీ చేయాల్సిందే.

ఐదు కోసం అంకెలను ఒకటి విడిచి ఒకటి కలుపుతూ, తీసేస్తూ పోవాలి. కారణం ఇది: సోల 4, అంటే ఐదుకు ఒకటి తక్కువ. మానిక 16, ఐదుల గుణిజమైన 15కు ఒకటి ఎక్కువ. కుంచం 64, 65కు ఒకటి తక్కువ. తూము 256, 255కు ఒకటి ఎక్కువ. తక్కువ, ఎక్కువ వంతులవారీగా వస్తున్నాయి. అందుకే కుడి చివర గిద్దె అంకె కలపండి, సోల తీయండి, మానిక కలపండి, కుంచం తీయండి, తూము కలపండి. 850కి 2 − 0 + 1 − 1 + 3 = 5. ఐదుతో పోతుంది. పదుల రాతలో చివర సున్నా చూసి ఈ మాట ఒక్క క్షణంలో చెప్తాం, ఇక్కడ కాస్త పని పడింది. బదులుగా పదుల రాతలో 11కి మనం పడే కష్టమే ఇక్కడ ఐదుకు సరిపోతోంది. ఇంకో మాట: అటునుంచి ఇటునుంచి ఒకేలా చదివే సంఖ్యలో అంకెలు సరిసంఖ్యలో ఉంటే, కలిపినవీ తీసినవీ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. కాబట్టి అలాంటిది ఏదైనా ఐదుతో పోవాల్సిందే. కొ 1221 అంటే 64 + 32 + 8 + 1, మొత్తం 105.

సరి బేసి, నాలుగు గుణిజాల సంగతికి చివరి అంకె చూస్తే చాలు, దాని మీద ఆగక్కర్లేదు. కానీ వర్గాల దగ్గర మాత్రం ఆగాలి, ఇక్కడ నాలుగుల రాత పదుల రాతను మించిపోతుంది.

ఒక సంఖ్య వర్గమా కాదా అని అనుమానం వస్తే, ముందు కుడివైపు సున్నాలన్నీ కొట్టేయండి. ఎన్ని ఉన్నాయో చూడొద్దు. పదుల రాతలో అయితే సున్నాలు జతలుగా ఉన్నాయా లేదా చూడాలి, ఎందుకంటే పది వర్గం కాదు. నాలుగు స్వయంగా రెండు వర్గం. అందుకని ఒక్క సున్నా తీసినా వర్గం వర్గంగానే మిగులుతుంది, వర్గం కానిది కానిదిగానే ఉంటుంది. సున్నాలు పోయాక చివరి రెండంకెలు చూడండి. 01 గానీ 21 గానీ కాకపోతే అది వర్గం కాదు, ఇంకేమీ చూడక్కర్లేదు. (ఒకే అంకె మిగిలితే ముందు సున్నా ఉన్నట్టు అనుకోండి.)

ఎందుకంటే, సున్నాలు పోయాక మిగిలినది వర్గమైతే అది బేసి వర్గమే కావాలి. సరిసంఖ్య వర్గం నాలుగుతో పోతుంది గనక దానికి ఇంకా సున్నా ఉండేది. ఏ బేసి వర్గమైనా ఎనిమిదితో భాగిస్తే ఒకటే మిగులుతుంది. 1, 9, 25, 49, 81 వరసగా చూసుకోండి. ఎనిమిదికి ఒకటి మిగిలితే, పదహారుకు ఒకటో తొమ్మిదో మిగులుతుంది. ఒకటి అంటే కొ 01, తొమ్మిది అంటే రెండు సోలలు, ఒక గిద్దె, కొ 21. అంతే.

మన 850 చివర 02 ఉంది, వర్గం కాదు. 39 చివర 13, కాదు. కానీ ఈ పరీక్ష గేటు దగ్గర కాపలా మాత్రమే, లోపలికి వచ్చినవాళ్ళందరూ చుట్టాలు కారు. 17ను రాస్తే కొ 101. చివర 01 ఉంది, గేటు దాటింది, అయినా వర్గం కాదు. దాటనివాటి విషయంలో మాత్రం తీర్పు ఖాయం.

రూపాయల్లో చూస్తే ఈ పరీక్ష ఇంకా బాగుంటుంది. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చేదాకా మన డబ్బు కూడా నాలుగుల్లోనే నడిచింది. నాలుగు కానీలు అణా, నాలుగు అణాలు పావలా, నాలుగు పావలాలు రూపాయి. రూపాయికి 64 కానీలు. ఒక రూపాయి, మూడు పావలాలు, రెండు అణాలు, ఒక కానీ అంటే కొ 1321. కానీల్లో 64 + 48 + 8 + 1, మొత్తం 121. చివర 21 ఉంది, గేటు దాటింది, ఈసారి లోపల నిజంగానే వర్గం ఉంది: 11 పదకొండ్లు.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ఇష్టమైన సంఖ్య. ఒక్కో పాత్రతో ఒక్కసారి ముంచండి: తూమెడు, కుంచెడు, మానెడు, సోలెడు, గిద్దెడు. కొ 11111. గిద్దెల్లో 256 + 64 + 16 + 4 + 1 = 341.

ఇలా అన్నీ ఒకట్లే ఉన్న సంఖ్యలు నాలుగుల రాతలో ఎప్పుడూ విడిపోతాయి. కొ 11 ఒక్కటే దీనికి మినహాయింపు, అది 5, ప్రధాన సంఖ్య. కొ 111 అంటే 21, మూడు ఏడులు. కొ 1111 అంటే 85, ఐదు పదిహేడులు. కొ 11111 అంటే 341, పదకొండు ముప్పై ఒకట్లు. విడదీసే పద్ధతి ఇది. కొ 11111ని మూడుతో గుణిస్తే కొ 33333, అంటే 1024కు ఒకటి తక్కువ. 1024 అంటే 32 వర్గం. వర్గంలోంచి ఒకటి తీస్తే 31, 33ల లబ్ధం వస్తుంది. ముందు మూడుతో గుణించాం కాబట్టి ఇప్పుడు 33ని మూడుతో భాగిస్తే 11 వచ్చింది. 31 ఇంటూ 11. నాలుగు వర్గం కాబట్టి ఎన్ని ఒకట్లు పెట్టినా ఈ ఎత్తు పారుతుంది. పదుల రాతలో పారదు. అక్కడ రెండు ఒకట్ల 11 ప్రధాన సంఖ్య, పందొమ్మిది ఒకట్లు వరసగా రాస్తే అదీ ప్రధాన సంఖ్యే, ఇరవై మూడు ఒకట్లు రాసినా ప్రధాన సంఖ్యే.

341కి గణితంలో ఇంకో ప్రత్యేకత ఉంది. 1640లో ఫ్రెంచి గణితవేత్త ఫెర్మా ఒక ఉత్తరంలో రాసిన సూత్రం ప్రకారం, ప్రధాన సంఖ్య ఏదైనా తీసుకుని (రెండు తప్ప), రెండును దానికి ఒకటి తక్కువసార్లు గుణించి, ఆ ప్రధాన సంఖ్యతో భాగిస్తే ఒకటే మిగులుతుంది. ఏడు తీసుకుంటే, ఆరు రెండ్లు గుణిస్తే 64, ఏడుతో భాగిస్తే ఒకటి. ఈ పరీక్ష నెగ్గినవన్నీ ప్రధాన సంఖ్యలే అనుకుంటే మోసపోతాం. అలా మోసం చేసే సంఖ్యల్లో అతి చిన్నది 341. నాలుగుల రాతలో ఈ మోసం కళ్ళకు కట్టినట్టు కనిపిస్తుంది. పది రెండ్ల లబ్ధం 1024, అంటే కొ 100000. అందులోంచి కొ 11111ని మూడుసార్లు, అంటే కొ 33333 తీసేస్తే ఒకటి మిగులుతుంది. పది రెండ్లకు శేషం ఒకటి అయితే, 340 రెండ్లు అంటే ముప్పై నాలుగు పదులు, వాటికీ శేషం ఒకటే. పరీక్ష నెగ్గింది, కానీ అది 11 ఇంటూ 31.

కొ 111ని కొ 111తో గుణించి చూడండి. 21 వర్గం 441. నాలుగుల్లో రాస్తే కొ 12321. పదుల్లో 111 వర్గమూ 12321 రూపంలోనే వస్తుంది. ఇక కొ 1111 వర్గం కొ 1234321 వస్తుందని ఆశపడకండి, నాలుగు అనే అంకె ఇక్కడ లేదు. మధ్యలో నాలుగు కాగానే పక్క గడిలోకి ఒకటి ఎక్కుతుంది, అక్కడున్న మూడు నాలుగై మళ్ళీ ఎక్కుతుంది. చివరికి కొ 1300321. 85 వర్గం 7225 అనేది మారలేదు, అటూ ఇటూ ఒకేలా ఉండే అందం మాత్రం పోయింది.

రాత గుణం వేరు, సంఖ్య గుణం వేరు అన్నది ఇక్కడే తేలుతుంది. 341 విడిపోతుందన్నది సంఖ్య గుణం, ఏ ఆధారంలో, అంటే పదుల్లో రాసినా నాలుగుల్లో రాసినా, అది పోదు. అటూ ఇటూ ఒకేలా ఉండడం, అన్నీ ఒకట్లే కావడం, అంకెల మొత్తం ఇంత కావడం, ఇవి రాత గుణాలు, ఆధారం మారిస్తే పోతాయి. 9వ శతాబ్దపు మహావీరాచార్యుడు 441ని 27994681తో గుణిస్తే 12345654321 వస్తుందని చూపించి, ఇలాంటి దండల్లాంటి లబ్ధాలు మరికొన్ని ఇచ్చాడు. ఆయన గణితాన్ని 11వ శతాబ్దంలో తెలుగులోకి తెచ్చినవాడు పావులూరి మల్లన. ఆ దండ పదుల రాత అల్లినది, నాలుగుల్లో రాస్తే పూలన్నీ చెదిరిపోతాయి. కానీ 441 ఒక వర్గం, 27994681 కూడా ఒక వర్గమే (5291ది), అందుకే లబ్ధం కూడా వర్గమైంది. ఆ మాట మాత్రం ఏ రాతలోనైనా నిలబడుతుంది. ఏ సంఖ్య గురించి ఎవరు ఏ వింత చెప్పినా ఆధారం మార్చి రాసి చూడండి. వింత పోతే అది రాతది, నిలిస్తే సంఖ్యది.

కంప్యూటరు రాతలోకి మార్చడం నిమిషం పని. నాలుగుల అంకె ఒక్కొక్కటీ రెండు బిట్లు: 0కి 00, 1కి 01, 2కి 10, 3కి 11. కొ 31102ని విడదీస్తే 11 01 01 00 10. కలిపి రాస్తే 1101010010, ఇదే 850 బైనరీ రూపం. పదహారుల రాత కావాలంటే కుడినుంచి రెండేసి అంకెలు జతచేయండి: 3, 11, 02. కొ 11 అంటే 5 కాబట్టి 352. మానిక 16 గిద్దెలు, తూము 256 గిద్దెలు కావడం వల్ల ఈ జతలు ఇంత సులువుగా కుదిరాయి. ఒక బైటుకు ఎన్ని విలువలు పడతాయో తూముకు అన్నే గిద్దెలు.

గిద్దె కిందికి కూడా ఈ మెట్లు దిగుతాయి, పాత లెక్కల పుస్తకాల్లో వాటికి గుర్తులున్నాయి. పాతికలకు, అంటే నాలుగో వంతులకు, నిలువు గీతలు: ఒకటికి ౹, రెండుకు ౺, మూడుకు ౻. పాతికలో పాతిక వీసం, దానికి అడ్డగీతలు: ౼, ౽, ౾. అందులో మళ్ళీ పాతికకు మళ్ళీ నిలువు గీతలు. ఒక మెట్టు నిలువు, ఒక మెట్టు అడ్డం కావడం వల్ల చుక్కలు, కామాలు లేకుండానే ఏ గీత ఏ మెట్టుదో తెలిసిపోతుంది. 2008లో యూనికోడ్ 5.1 కూర్పులో ఈ గుర్తులన్నిటికీ చోటిచ్చారు, తూముకు కూడా ౿ అని ఒక గుర్తు ఉంది. మీ ఫోనులో ఇవి ఉత్త డబ్బాల్లా కనిపిస్తుంటే ఆ ఫాంటులో ఈ గుర్తులు లేవని అర్థం, ఇంకో ఫాంటు వేసి చూడండి.

ఇక పుట్టి. పలక మీద తూముకు ఎడమన ఆరో గడి గీసి పుట్టి అని రాయండి. ఇక్కడ మాత్రం తూము గడిలో నాలుగుకు కాదు, ఇరవైకి మార్పిడి. అంటే తూము గడిలో 19 దాకా ఉండొచ్చు. ఒకే రాతలో రెండు ఆధారాలు కలిశాయి. అందుకని మన సూత్రాలను కాస్త సవరించాలి. ఇరవై తూములు పోయి ఒక పుట్టి వస్తే ముంచే లెక్క 19 తగ్గుతుంది. 19 మూడుతో పోదు కాబట్టి అంకెలు ఊరికే కూడితే తప్పు వస్తుంది. పుట్టికి 5120 గిద్దెలు, మూడుతో భాగిస్తే రెండు మిగులుతుంది. కనుక మూడు పరీక్షకు పుట్టి అంకెను రెట్టింపు చేసి కూడండి. ఐదు పరీక్షకు పుట్టి గడిని వదిలేయండి, 5120 ఐదుతో పోతుంది కాబట్టి అక్కడ ఎంతున్నా ఒకటే.

మూడు పుట్లు, ఏడు తూములు, రెండు కుంచాలు అనుకుందాం. మూడు పరీక్షకు పుట్ల రెట్టింపు 6, తూములు 7, కుంచాలు 2, మొత్తం 15. పోతుంది. ఐదు పరీక్షకు తూములు 7లోంచి కుంచాలు 2 తీస్తే 5. పోతుంది. గిద్దెల్లో చూసుకుంటే 15360 + 1792 + 128 = 17280. మూడుతో భాగిస్తే 5760, ఐదుతో భాగిస్తే 3456.